ఆ కొండ మీద ఏ దేవుడుండాడు?

2025 నవంబరు 9, ఆదివారం, ఎర్రగుంట్ల

కార్తీక వనభోజనం. కాలనీవాళ్లంతా కలిసి ఊరి బయట ఒక మామిడితోటకు పోయినాము. తోటలో ఉసిరిచెట్టు లేదు. అందుకని ఎవరింట్లోనో కుండీలో పెంచుతున్న ఉసిరిమొక్కను ఆటోలో ఎక్కించి తెచ్చినారు. మోకాలెత్తు కూడా లేదు. దానికి పసుపు కుంకుమ పెట్టి చుట్టూ విస్తళ్లు పరిచినారు. నీడ మామిడిచెట్లది, పుణ్యం కుండీది.

తిన్నాక హౌసీ, తర్వాత పాటల పోటీ, ఆ తర్వాత మగవాళ్ల నిద్ర. తోట దాటితే చిన్న గుట్ట ఉంది. మావోడు దాని మీదికి పోతానని గట్టు దూకబోతే ఇటు నుంచి ఒకటే కేకలు. "పాములుంటాయి రా!", "ముళ్లు రా!", "ఆడ ఏముండాదని పోతావు?" వాడు "ఏం లేదు, ఊరికే" అన్నాడు. ఆ మాటకు అందరూ నవ్వినారు. ఎనిమిదో తరగతి పిల్లోడు ఊరికే గుట్ట ఎక్కడం మావాళ్లకు నవ్వులాట.

సాయంత్రం ఇంటికొచ్చి తులసికోట కడిగినాను. ఆకులు తుడిస్తే గుడ్డ తెల్లగా అయింది. బండల పాలిష్ పొడి, సిమెంటు దుమ్ము, లారీలు లేపే మన్ను, మూడూ కలిసి ఈ ఊళ్లో ఏ ఆకునూ దాని రంగులో ఉండనియ్యవు. మా ఆయన పనిచేసేదే బండల పాలిష్ యూనిట్లో, లెక్కలు రాయడం. ఇంటికొచ్చినాక ఆయన చొక్కా దులపకుండా లోపలికి రానియ్యను. ఈ గాలి పిల్లలకు ఎంత తగ్గితే అంత మంచిదని, నెలకొకసారన్నా కొండకో అడివికో పోదామని రాత్రి అన్నం దగ్గర అన్నాను.

ఆయన తలూపినాడు. అత్త మాత్రం మజ్జిగ పోసుకుంటా, "పోదాం గానీ, ఆ కొండ మీద ఏ దేవుడుండాడు?" అనింది.

ఎగతాళిగా అన్న మాట కాదు. మా సీమలో కొండకు పోవడానికి రెండే కారణాలు. ఒకటి పని: కట్టెలు, గొర్రెలు, తేనె, సీతాఫలాలు. రెండోది దేవుడు. అహోబిలం, యాగంటి, లంకమల, తలకోన, ఎక్కడ మంచి నడక ఉందో అక్కడ చివర ఒక గుడి ఉంది. పెద్దవాళ్లు తెలివైనవాళ్లే. ఎండలో ఇంత దూరం నడవమంటే ఎవరు నడుస్తారు? చివర దేవుణ్ని పెడితే ముసలమ్మలు కూడా చెప్పుల్లేకుండా నడుస్తారు. నాకు ఆ పద్ధతి మీద కోపమేమీ లేదు. ఇంకా చెప్పాలంటే దాన్నే వాడుకుంటాను. వచ్చే ఆదివారం గండి ఆంజనేయస్వామి అని చెప్పినాను. అత్త అప్పుడే చీర ఏది కట్టుకోవాలో చూసుకుంటాంది.

నవంబరు 16, ఆదివారం

గండికి పోయొచ్చినాము. వేంపల్లె దాటినాక పాలకొండలు అడ్డంగా నిలబడి ఉంటాయి, వాటిని పాపాఘ్ని నది నిలువునా కోసుకొని ఇవతలికి వస్తుంది. ఆ కోత దగ్గరే వీరాంజనేయస్వామి గుడి. రాముడు లంక నుంచి తిరిగొచ్చేటప్పుడు బాణం ములికితో బండ మీద ఆంజనేయుణ్ని గీసినాడనీ, చిటికెనవేలు ఒకటి పూర్తికాలేదనీ స్థలపురాణం. రెండు కొండల నడుమ బంగారు తోరణం కట్టి ఉందనీ, పోయే కాలం దగ్గరపడ్డవాళ్లకే అది కనిపిస్తుందనీ ఇంకొక కథ. కలెక్టరుగా మన సీమకొచ్చి తర్వాత మద్రాసు గవర్నరైన మన్రో దొరకు ఆ తోరణం కనిపించిందంటారు. ఆయన 1827 జులైలో పత్తికొండలో కలరాతో చనిపోయినాడు, అది మాత్రం చరిత్ర. ఇది చెప్పినాక పిల్లలిద్దరూ కొండల నడుమకు తలెత్తి చూడలేదు. మా ఆయన కూడా చూడలేదు, నేను గమనించినాను.

దర్శనమయినాక అత్తను గుడి మంటపంలో కూర్చోబెట్టి నది వెంట పైకి నడిచినాము. మొన్నటి వానలకు పాయ కదులుతాంది, పాదాలు మునిగేంత. చెప్పులు చేతబట్టుకొని ఇసుకలోనే నడిచినాము. పాప నీళ్లలో గులకరాళ్లు ఏరుతా వెనకబడింది, మావోడు ఒక బండ నుంచి ఇంకో బండకు దూకుతా ముందుకు పోయినాడు. ఒకటిన్నర గంట ఎవరూ ఫోను తియ్యలేదు. తియ్యొద్దని నేనేమీ అనలేదు.

వచ్చేటప్పుడు వేంపల్లె దగ్గర దారి పక్కన బండి ఆపించినాను. అక్కడి సున్నపురాళ్లలో గుండ్రటి పొరలు కనిపిస్తాయి, క్యాబేజీని అడ్డంగా కోసినట్టు. కంటికి కనిపించని సూక్ష్మజీవులు లోతులేని సముద్రంలో పొర మీద పొర పేర్చుకుంటా పోయిన గుర్తులవి. 190 కోట్ల ఏళ్లకు పైబడిన రాళ్లు. చేప పుట్టలేదు, చెట్టు పుట్టలేదు, ఆకు అనేదే లేదు. భూగర్భశాస్త్రంలో ఆ పొరల పేరే 'వేంపల్లె', దాని కింది వరసకు మన గువ్వలచెరువు పేరే 'గుల్చెరు' అని, మొత్తానికి 'కడప' పేరు. ప్రపంచమంతా చదువుకునే పుస్తకాల్లో మన ఊళ్ల పేర్లున్నాయి, మన పిల్లల సోషల్ పుస్తకంలో లేవు. బడిలో నేను ఏటా నోటితో చెప్తాను. పరీక్షకు రాదు కాబట్టి వాళ్లు రాసుకోరు.

"అయితే మనది సముద్రమా?" అనింది పాప. అవునన్నాను. "మరి నీళ్లేవి?" అనింది. అత్త కారులో నుంచే, "అదే మేమూ అడుగుతాండాము పుట్టినప్పటి నుంచి" అనింది.

దోవలో బుట్టతో సీతాఫలాలు కొన్నాము. ఆఖరి కాపు, చిన్నవి, కానీ తీపి.

డిసెంబరు 24, బుధవారం

మొన్న సోమవారం మా మరిదివాళ్లు ఫ్రీమాంట్ నుంచి దిగినారు. పెద్దపాపకు పదమూడేళ్లు, చిన్నోడికి తొమ్మిది. తెలుగు బాగానే అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. వాళ్ల జేజి తెలుగులోనే తిడుతుంది కాబట్టి ఇబ్బంది లేదు.

రాత్రి తోడికోడలు ఫోనులో ఫోటోలు చూపించింది. వారం వారం ఏదో ఒక పార్కు. నేను పార్కంటే ఊయల, జారుడుబండ అనుకున్నాను. కాదు, కొండలు, మడుగులు, పచ్చికబయళ్లు, వాటి మధ్య మైళ్ల కొద్దీ కాలిబాటలు. దాన్ని నడిపే సంస్థ పేరు ఈస్ట్ బే రీజనల్ పార్క్ డిస్ట్రిక్ట్. 1934లో, అమెరికా అంతా పనుల్లేక అల్లాడుతున్న రోజుల్లో, ఆ ప్రాంతం జనం ఓటేసి మరీ తమ మీద తామే పన్ను వేయించుకొని ఈ పార్కులు పెట్టించుకున్నారంట. ఆ ముక్క మా ఆయనకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. పన్ను వేయించుకోవడానికి ఓటేసేవాళ్లు ఉంటారని ఆయనకు నమ్మకం కుదరలేదు.

నాకు నిద్రపట్టనియ్యనిది ఇంకొక ఫోటో. వాళ్లింటి దగ్గరే ఒక చెరువు, అందులో ఎర్ర కయాకులో పిల్లలిద్దరూ. దాని పేరు క్వారీ లేక్స్. ఒకప్పుడు అది కంకర తవ్వుకున్న క్వారీ అంట. అక్కడి కంకర రైలుదారికి కూడా పోసినారంట. తవ్వకం అయిపోయినాక గుంతల్లో నీళ్లు నింపి భూమిలోకి ఇంకేటట్టు చేసినారు, ఒడ్డున చెట్లు పెంచినారు, ఒక పక్క ఈతకు, ఒక పక్క చేపలకు, ఒక పక్క పడవలకు విడిచినారు.

మన ఊరి చుట్టూ ఏముంది? గుంతలే. వందేళ్లుగా బండలు తీసిన గుంతలు. ఈ పొరలకూ పుస్తకంలో పేరుంది, నర్జి సున్నపురాయి. కడప బండలని దేశమంతా ఇళ్లల్లో పరుచుకునేది దీన్నే, సిమెంటు ఫ్యాక్టరీలు మండించేది దీన్నే. బండ అయిపోతే గుంతను అట్లే వదిలేసి పక్కకు పోతారు. వానకు నీళ్లు నిలుస్తాయి. గోడలు నిట్టనిలువు, దిగితే ఎక్కడానికి పట్టు దొరకదు. ఎండాకాలం సెలవుల్లో పిల్లలు అందులో పడి చనిపోయిన వార్త సీమ పేపర్లలో రాని ఏడాది ఉండదు. మా బడిలో ఏటా ప్రార్థన దగ్గర మైకులో చెప్తాము, గుంతల దగ్గరికి పోవద్దని. పోవద్దని చెప్పడమే తప్ప ఎక్కడికి పోవాలో చెప్పే స్థితి మాకు లేదు. ఫ్రీమాంట్ గుంతకు, ఎర్రగుంట్ల గుంతకు అసలు తేడా రాయిలో లేదు. తవ్వినవాడు వెళ్లిపోయినాక ఎవరు వచ్చినారనేదే తేడా.

చిన్నోడు నిద్రపోయే ముందు వచ్చి, "పెద్దమ్మా, ఇక్కడ కయాకింగ్ ఉందా?" అన్నాడు. ఉంది, గండికోటలో.

డిసెంబరు 27, శనివారం రాత్రి

రేపటికి అన్నీ సర్దినాము. జొన్నరొట్టెలు, చెనిక్కాయల ఊరిమిండి, చిత్రాన్నం, అత్త చుట్టిన బొరుగుల ఉండలు, నీళ్లు రెండు క్యాన్లు. ఇంటి మగవాళ్లకు పని చెప్తే, వాళ్లు ఐస్ బాక్సు ఎవరింట్లో దొరుకుతుందో అని ఫోన్లు చేస్తా కూర్చున్నారు.

ఆయనకు మాత్రం లోపల బెరుకుంది. 2019 సెప్టెంబరులో పాపికొండలకు పోయే పడవ కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగినప్పుడు మేమూ ఆ ఏడు పోవాలనుకొని ఉన్నాము. అప్పటి నుంచి పడవ మాటెత్తితే ఆయన ముఖం మారుతుంది. "మన ఇంట్లో ఎవరికి ఈత వస్తుంది?" అన్నాడు. నాకు రాదు. ఆయనకు రాదు. మా పిల్లలకు రాదు. మరిదికి అమెరికా పోయినాక కొంచెం వచ్చింది. అక్కడి పిల్లలిద్దరికీ వచ్చు, బడిలోనే నేర్పించినారు.

"నాకొస్తుంది" అనింది అత్త.

అందరం అటు తిరిగినాము. నేను ఈ ఇంటికి వచ్చి ఇన్నేళ్లు, ఆమె నీళ్లలో దిగడం చూడలేదు. "మా ఊరి బాయిలో నేర్చుకున్యా. కిత్తనార బెండ్లు ఈపుకు కట్టుకొని. మా యన్న పైనుంచి తోసేటోడు. పైట నడుముకు చుట్టి దూకేదాన్ని" అనింది, అదేమన్నా అడగాల్సిన సంగతా అన్నట్టు. వాళ్ల ఊరు తాళ్లప్రొద్దుటూరు. ఇప్పుడు గండికోట రిజర్వాయరు కింద ఉంది.

ఇంకో సంగతి, గండికోటకు ఏ దేవుడని ఆమె అడగలేదు. మాధవరాయస్వామి, రంగనాథస్వామి అని జవాబు సిద్ధం చేసి పెట్టుకున్నాను, లోపల విగ్రహాలు లేవన్న మాట దాచి.

డిసెంబరు 28, ఆదివారం

పొద్దున ఆరుకే బయల్దేరి జమ్మలమడుగులో ఉగ్గాని బజ్జీ తిని, ఎనిమిదికి ముందే కోటలో ఉన్నాము.

మీనార్లు, జుమ్మా మసీదు, ధాన్యాగారం, మాధవరాయ ఆలయం, అన్నీ చూసినవే. పెమ్మసాని నాయకులు ఏలిన కోట, గోల్కొండ తరఫున మీర్ జుమ్లా పట్టుకున్న కోట, 1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియె వచ్చి చూసి రాసిపెట్టిన కోట. ఇవి పిల్లలకు గబగబా చెప్పేసినాను, వాళ్ల చూపంతా లోయ మీదే ఉంది. మసీదు వెనక నుంచి రాళ్ల మీదుగా పోతే ఒక్కసారిగా నేల ఆగిపోతుంది. సుమారు 300 అడుగుల కింద పెన్న. రెండు పక్కలా ఎర్రటి బండలు దిమ్మెలు దిమ్మెలుగా పేర్చి ఉన్నాయి. మరీ అంచుకు పోతే రెయిలింగు లేదు. ఆయన పిల్లల చొక్కాలు వెనక నుంచి పట్టుకొని నిలబడినాడు.

ఈ చోటుకు ఇండియా గ్రాండ్ క్యానియన్ అని పేరు పెట్టి, కేంద్రం 77.91 కోట్లతో అభివృద్ధి చేయిస్తాంది. పెద్దపాప అసలు గ్రాండ్ క్యానియన్ చూసింది. "అది దీనికంటే చాలా చాలా పెద్దది, పెద్దమ్మా. కానీ అక్కడ కోట లేదు" అనింది. ఆ ఒక్క వాక్యం తీసుకొని బోర్డు మీద రాస్తే చాలు.

తొమ్మిదిన్నరకు నీళ్ల అంచుకు దిగినాము. పొద్దెక్కితే గాలి లేస్తుందని, తెడ్డు వేసినంతసేపూ వెనక్కే తోస్తుందని అక్కడి పిల్లోడు ముందే ఫోనులో చెప్పినాడు. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లుంటాయి వాడికి. జాకెట్టు వేసే పద్ధతి చూసి నాకు వాడి మీద నమ్మకం కుదిరింది. ముందర మూడు క్లిప్పులు బిగించినాక, రెండు భుజాల దగ్గర పట్టుకొని పైకి ఎత్తి చూస్తాడు. జాకెట్టు గడ్డం దాటి పైకొస్తే వదులుగా ఉన్నట్టు లెక్క, నీళ్లలో పడితే మనిషి కిందికి జారిపోతాడు, జాకెట్టు మాత్రమే తేలుతుంది. పాపకు రెండుసార్లు బిగించి, చిన్న సైజు తెప్పించి మూడోసారి బిగించినాడు. "ఊపిరాడడం లేదు" అనింది. "మాట్లాడుతాండావు గదా పాపా, ఆడుతాంది" అన్నాడు.

కయాకు ప్లాస్టిక్కుది, మునగదు, తిరగబడినా తేలుతుంది. దాంట్లో కూర్చోవడం కాదు, దాని మీద కూర్చోవడం. అడుగున బెజ్జాలుంటాయి, నీళ్లు వచ్చి పోతుంటాయి, కాబట్టి కూర్చున్నచోట తడవడం ఖాయం. ఇద్దరు ఎక్కితే ముందున్నవాళ్లు తెడ్డు వేగం చూసుకోవాలి, వెనకున్నవాళ్లు దోవ చూసుకోవాలి. కుడిపక్క తెడ్డు వేస్తే ముక్కు ఎడమకు తిరుగుతుంది. ఆగాలంటే వెనక్కి వెయ్యాలి. పెద్దపాప ఈ నాలుగు మాటలూ మావోడికి చెప్పి వాణ్ని ముందు కూర్చోబెట్టుకొని జారిపోయింది. మేమింకా చెప్పులు ఎక్కడ విడవాలా అని చూస్తాండాము.

నేను పాపతో ఎక్కినాను. తెడ్డు చేతికి తగిలినప్పుడు అంత తేలిక అనుకోలేదు, నీళ్లు అంత బరువనుకోలేదు. మొదటి పది నిమిషాలు మేము చుట్లు తిరిగినాము. పాప కుడి, నేను ఎడమ, తెడ్లు కొట్టుకోవడం, ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకోవడం. తర్వాత అది 'కుడి' అంటే ఇద్దరం కుడి, 'ఎడమ' అంటే ఇద్దరం ఎడమ అని కుదిరింది. కుదిరినాక పడవ సాగిన తీరు చెప్పడం నాకు రాదు. భుజాలు లాగుతాయి, నడుము నొప్పి పుడుతుంది, అయినా ఆపబుద్ధి కాదు.

ఎర్రగుంట్లలో పుట్టినదాన్ని. పెన్నంటే నాకు తెలిసింది ఇసుక. వంతెన మీద పోతా పోతా చూసేది ఇసుక, లారీలు తోలుకపోయేది ఇసుక. నంది కొండల్లో పుట్టి ఇంత దూరం వచ్చేసరికి నీళ్లు మిగిలేది ఎన్ని ఏళ్లకు ఒకసారో. ఇప్పుడు నేను తేలుతున్నది కూడా ముఖ్యంగా పెన్న నీళ్ల మీద కాదు. శ్రీశైలంలో నిలిచిన కృష్ణ పోతిరెడ్డిపాడు తూముల్లో దూరి, బనకచెర్ల, గోరకల్లు, అవుకు దాటి, గాలేరు-నగరి కాలువలో పడి ఇక్కడికి వస్తుంది. నిండితే 26.85 టీఎంసీలు. ఇన్ని నీళ్లు కడప జిల్లాలో ఒకచోట నిలబడడం మా నాయన కాలంలో ఎవరన్నా చెప్తే నమ్మేవాళ్లు కాదు.

ఒడ్డుకొచ్చేసరికి అత్త జాకెట్టు వేసుకొని నిలబడి ఉంది. చీర మీద నారింజ రంగు జాకెట్టు. మరిది వద్దంటాండాడు, ఆయన బతిమాలుతాండాడు. ఆమె వాళ్లతో మాట్లాడడం లేదు, పిల్లోడితో మాట్లాడుతాంది.

"ఏ ఊరబ్బీ మీది?"

కొండాపురం పక్క ఒక ఊరి పేరు చెప్పినాడు. ముంపు ఊరే.

"ఎవురింటోనివి?"

చెప్పినాడు. రెండు నిమిషాల్లో వాడి అవ్వ పేరు, ఆమెను ఇచ్చిన ఊరు, వాళ్ల చీనీతోట ఎన్ని ఎకరాలో అన్నీ బయటపడినాయి. వాళ్లిప్పుడు పునరావాస కాలనీలో ఉన్నారు. తోట నీళ్లలో ఉంది. "మా తోట మీదనే నేను పడవ తిప్పుతాండా అనుకో అవ్వా" అని నవ్వినాడు. ఆమె నవ్వలేదు, తిట్టలేదు కూడా. "బిగించి కట్టు" అనింది, జాకెట్టు ముందుకు పట్టుకొని.

ఆమెను ముందు కూర్చోబెట్టుకొని వాడే వెనక కూర్చొని తీసకపోయినాడు. ఎక్కేముందు వంగి నీళ్లు తాకి కళ్లకద్దుకునింది. తెడ్డు వద్దని ఒక చెయ్యి నీళ్లలో పెట్టి కూర్చునింది. దూరం నుంచి చూస్తే ఆమె చెయ్యెత్తి ఎటో చూపిస్తాంది, వాడు తలూపుతాండాడు.

వచ్చినాక "మీ ఊరు కనపడిందా అత్తా?" అనలేకపోయినాను. ఆమే చెప్పింది. "యాడ కనపడుతాది, ఆ పక్కెక్కడో. ఎండాకాలం నీళ్లు తగ్గితే గుడి గోపురం తేలుతాదని వాడంటాండాడు, ఎంత నిజమో. మన బాయి మాత్రం తేలదులే, అది మొదుట్నే కింద గదా" అనింది. తర్వాత రొట్టె, ఊరిమిండి పెట్టమనింది. రెండు తినింది.

2020లో ఆ ఊరు ఖాళీ చేయించినప్పుడు ఆమె మూడు రోజులు అన్నం ముట్టలేదు. అది నాకు గుర్తుంది. ఈ నీళ్లు రాకపోతే జమ్మలమడుగు, పులివెందుల పక్క చెట్టు నిలబడేది కాదన్నది కూడా నాకు తెలుసు, బడిలో అదే చెప్తాను. రెండు మాటలనూ ఒకే నోటితో చెప్పడం ఎట్లో ఏ పుస్తకమూ నేర్పలేదు. పిల్లలను ఈ నీళ్ల మీదికి తీసకపోవడం తప్పని మాత్రం నేను అనుకోను. తీసకపోవాలి, కింద ఏముందో చెప్పాలి, ఆ తర్వాత తెడ్డు చేతికియ్యాలి.

సాయంత్రం కోతులు బొరుగుల ఉండలన్నీ ఎత్తుకపోయినాయి. చిన్నోడికి ఈ రోజంతటిలో నచ్చింది అదేనంట.

2026 జనవరి 8, గురువారం

ఎనిమిదో తరగతిలో అడిగినాను, ఈత ఎంతమందికి వచ్చునని. చేతులెత్తింది ముగ్గురు మగపిల్లలు. ముగ్గురూ గుంతల్లో నేర్చుకున్నవాళ్లే. ఎక్కడ నేర్చుకున్నారంటే తలలు దించుకున్నారు. ఆడపిల్లలు ఒక్కరూ లేరు.

మధ్యాహ్నం స్టాఫు రూములో అదే ప్రశ్న వేసినాను. రిటైరు కాబోతున్న తెలుగు సారుకు వచ్చు, హిందీ మేడమ్‌కు వచ్చు. నలభై లోపు ఒక్కరికీ రాదు. సారు చెప్పినాడు: "అప్పుడు ప్రతి చేనుకూ బాయి ఉండేది. మోట బాయి. నీళ్లు ఐదారు మట్ల కిందనే. ఎండాకాలం వస్తే ఊళ్లో పిల్లలందరూ బాయిలోనే. బోర్లు దిగినాక బాయిలు ఎండినాయి. ఎండిన బాయిలో చెత్త వేసినారు, తర్వాత పూడ్చినారు." బోర్లు వందల అడుగుల కిందికి పోయినకొద్దీ పైన బావి అడుగంటింది. నీళ్లు పైపులో నుంచి వచ్చేవైనాయి, మనిషి దిగేవి కాకుండా పోయినాయి. పంట నష్టం లెక్క కట్టినారు, కరెంటు బిల్లు లెక్క కట్టినారు. ఒక తరం పిల్లలకు ఈత పోయిందని ఎవరూ ఏ లెక్కలోనూ రాయలేదు.

ఇప్పుడు కాలువలు వచ్చినాయి, రిజర్వాయర్లు నిండినాయి, పార్నపల్లె దగ్గర చిత్రావతి మీద కూడా పడవలు తిరుగుతాండాయి. నీళ్లు వచ్చినాయి, ఈత రాలేదు. కయాకులకు పెట్టే డబ్బులో కొంత పెట్టి మండలానికొక ఈతకొలను కట్టితే నేను దాన్నే పర్యాటకం అంటాను.

మరిదివాళ్లు ఎల్లుండి వెళ్తారు. పెద్దపాప తన వాటర్ షూస్ మావోడికి ఇచ్చేసింది. సరిపోవు, అయినా వాడు ఇంట్లో వేసుకొని తిరుగుతాండాడు.

ఫిబ్రవరి 16, సోమవారం

నిన్న శివరాత్రి. లంకమల అడివిలోకి, నిత్యపూజకోనకు పోయొచ్చినాము. కాళ్లు ఇంకా నొప్పి. దేవుడున్న కొండ కాబట్టి ఈసారి ఇంటిల్లిపాదినీ బయల్దేరదీసింది అత్తే.

వంతాటిపల్లె దాటి, బండ్లు ఆగిన చోటు నుంచి నడక. జనం ఎంత ఉన్నా దోవ దోవే. రాళ్లు, వాగు మడుగులు, మళ్లీ రాళ్లు. ఎక్కడ దోవ తేలికవుతుందో అక్కడ ఒక అన్నదానం. అత్త నడుస్తా నడుస్తా పొదలన్నిటికీ పేర్లు చెప్తానే ఉంది. బలుసు, కలివి, రేగు, చండ్ర. కలివిపొద దగ్గర పిల్లలను ఆపి ఆ పొద పేరు పెట్టుకున్న పక్షి కథ చెప్పినాను. కలివికోడి. జెర్డన్ అనే డాక్టరు కనుక్కున్నాడు, 1848లో లోకానికి తెలిసింది. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు, అంతరించిపోయిందని రాసేసినారు. 1986 జనవరిలో ఈ లంకమల దగ్గరే మళ్లీ దొరికింది. రాత్రిపూట తిరిగే పక్షి. అది చిట్టడివిలోనే, పొదకూ పొదకూ నడుమ ఖాళీ నేల ఉన్నచోటే ఉంటుంది. దట్టమైన అడివి దానికి పనికిరాదు. 1988లో ఈ అడివిని అభయారణ్యం చేసినారు, ఆ పక్షి కోసం తెలుగుగంగ కాలువనే పక్కకు తిప్పినారు.

"ఒక కోడి కోసం కాలువ తిప్పినారా?" అన్నాడు మావోడు. అవునన్నాను. వాడు జేజి వైపు చూసినాడు. వాడి మనసులోకి ఏ ఊరొచ్చిందో నాకు తెలుసు. ఆమె చేతికర్రతో ముళ్లకంప పక్కకు జరుపుతాంది, విన్నదో లేదో తెలియదు. నేను ఆ ప్రశ్నకు జవాబు తయారుచేసుకోలేదు. పక్షి పక్షం నేనూ ఉంటాను, అయినా వాడి చూపు తప్పని అనలేను.

మామూలు రోజుల్లో ఇటు రావాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. ఎర్రచందనం ఉన్న అడివి, ఊరికే తిరిగేవాళ్లను అనుమానంగానే చూస్తారు. శివరాత్రికి మాత్రం వేలమంది. తిరిగొచ్చేటప్పుడు దోవ పొడుగునా ప్లాస్టిక్ గ్లాసులు, మజ్జిగ ప్యాకెట్లు. పాప ఒక సంచిలో ఏరడం మొదలుపెట్టింది. సంచి నిండింది, వాగు దాకా కూడా రాలేదు. ముగ్గురు కాలేజీ పిల్లలు దాన్ని చూసి వాళ్ల గ్లాసులు కూడా తెచ్చి సంచిలో వేసి పోయినారు. అది ఏరినట్టా, దానికి పని పెట్టినట్టా?

మార్చి 1, ఆదివారం

ఎండలు మొదలైనాయి. ఈ మూడు నెలలు కొండ మాట లేదు, పొద్దున ఎనిమిదికే రాయి కాలుతుంది. వానలు పడినాక తలకోన అనుకున్నాము.

చాపాడు పక్క మా పెద్దమ్మ కొడుకు చేనులో బావి ఉంది. కేసీ కాలువ ఆయకట్టు కాబట్టి ఇంకా నీళ్లున్నాయి, మెట్లున్న బావి. బడి సెలవులిచ్చినాక పిల్లలిద్దరినీ అక్కడ వదులుతాము. మా అన్న దగ్గరుంటాడు, ఆయన ట్రాక్టరు ట్యూబు ఒకటి తెస్తానన్నాడు. నేను గండికోట పిల్లోడికి ఫోను చేసి జాకెట్లు ఎక్కడ కొన్నారో కనుక్కున్నాను, రెండు తెప్పిస్తాండాను.

నేర్పేది అత్త. అరవై ఎనిమిదేళ్ల మనిషి నీళ్లలోకి దిగడమేమని ఆయన అంటే, "నేను దిగనురా, గట్టున కూర్చొని తిడతా. ఈత అట్లే వస్తాది" అనింది. నన్నూ దిగమంటాంది. నైటీ మీద దిగొచ్చా, పంజాబీ డ్రస్సా అని ఇంకా తేలలేదు. ట్యూబు మీద ఆమెకు నమ్మకం లేదు, జాకెట్టు మీద అసలే లేదు. కిత్తనార బెండ్లే కావాలంట. ఒకప్పుడు ప్రతి చేనుగట్టుకూ కిత్తనార ఉండేది, ఇప్పుడు వెతకాల్సి వస్తాంది. ముద్దనూరు పక్క గొర్రెలు మేపే ఒకాయనకు చెప్పి పెట్టినాము. దొరికితే కోసి, ఏప్రిల్ దాకా మిద్దె మీద ఎండబెట్టాలి.